టెక్ సందేహాలు: కొత్త ఎయిర్ రైఫిల్‌లో తేడా ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతూ 10 మీటర్ల షూటింగ్ నేర్చుకుంటోంది. ఈమధ్యే జర్మన్ కంపెనీ ఎయిర్ రైఫిల్ కొన్నాం. పనితనం బాగుంది, చప్పుడు తక్కువ, ట్రిగ్గర్ ఇలా తాకితే అలా పేలుతోంది. కానీ గుండ్లన్నీ ఎడమకే పోతున్నాయి. గురి సరిచేసే సైట్ నాబ్‌ని ఆర్ (R) వైపు తిప్పితే ఇంకా ఎడమకి పోయాయి. అంత డబ్బు పెట్టి కొన్నది, డిఫెక్ట్ పీస్ వచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది. రైఫిల్ సిలిండర్‌లో గాలి నింపడానికి మా రొయ్యల చెరువు దగ్గరున్న ఆక్సిజన్ సిలిండర్ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. ఆక్సిజన్ వద్దండి, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి కాస్త గ్రీజు తగిలినా అంటుకుంటుంది, సిలిండర్ పేలిపోవచ్చు. మన జిల్లాలో హేచరీలు, రొయ్య పిల్లల రవాణా వల్ల ఆక్సిజన్ సిలిండర్లు చేతికి అందేంత దగ్గర్లో ఉంటాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నింపాల్సింది పొడి గాలి మాత్రమే. స్కూబా ట్యాంకు నుంచైనా నింపుకోవచ్చు, దీనికోసమే అమ్మే హ్యాండ్ పంపుతోనైనా కొట్టుకోవచ్చు. సముద్రం పక్కన మన గాలిలో తేమ ఎక్కువ. అందుకని పంపు నిదానంగా కొట్టండి, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి, బ్లీడ్ స్క్రూ తిప్పి నీటి చెమ్మ బయటికి వదలండి. సాధారణంగా ఈ రైఫిళ్లకి 200 బార్ గాలి ఒత్తిడి పరిమితి. నిండు సిలిండర్‌ని ఎండలో కారులో వదిలేయకండి. 30 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 60 డిగ్రీలకి చేరితే దాదాపు 220 అవుతుంది.

ఇక నాబ్ సంగతి. చాలా జర్మన్ సైట్ల మీద ఆర్ అంటే 'గుండు కుడికి పోతుంటే ఇటు తిప్పు' అని. అలా తిప్పితే గుండు ఎడమకి జరుగుతుంది. మీకు జరిగింది అదే. ఎల్ వైపు తిప్పండి. పైకీ కిందికీ సరిచేసే నాబ్ మీద హెచ్ కూడా ఇంతే, గుండు పైన పడుతుంటేనే అటు తిప్పాలి.

డిఫెక్ట్ ఉందో లేదో ఇంట్లోనే తేలిపోతుంది. పెట్టెలో చిన్న టెస్ట్ కార్డు ఉందేమో వెతకండి. ఫ్యాక్టరీలో రైఫిల్‌ని బిగించి కాల్చిన గుండ్లు దాని మీద ఒకే రంధ్రంలా కనిపిస్తాయి. మీరు కూడా రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, సైట్ ముట్టుకోకుండా, ఐదు గుండ్లు కాల్చండి. అన్నీ ఒకదాని మీద ఒకటి పడితే, అది ఎక్కడ పడినా సరే, తుపాకీ బంగారం. చెల్లాచెదురైతే ముందు వేరే రకం పెల్లెట్లు (గుండ్లు) వేసి చూడండి. ఒకే బ్రాండ్‌లోనే 4.49, 4.50 మిల్లీమీటర్ల తల సైజులు దొరుకుతాయి, ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి కుదురుతుంది.

రైఫిల్‌ని ఆనించినప్పుడు గుండ్లు సరిగ్గా పడి, అమ్మాయి నిలబడి కాల్చినప్పుడు పక్కకి పోతుంటే సైట్‌ని అస్సలు కదపొద్దు. గురి చూసి, కళ్లు మూసుకుని, ఒళ్లు వదులు చేసి, మళ్లీ తెరవమనండి. గొట్టం ఎటు తిరిగి ఉందో అదే ఆమె సహజంగా నిలబడే దిశ. చేతులతో లాగకుండా పాదాలు జరిపి సరిచేసుకోవాలి. చీక్ పీస్ (చెంప ఆనించే భాగం) ఎత్తు కూడా చూడండి. మెడ సాచకుండా, చెంప వాలగానే కన్ను సైట్ రంధ్రానికి ఎదురుగా రావాలి. ఒకసారికి ఒక్క స్క్రూనే మార్చి, పాత కొలత నోట్‌బుక్‌లో రాసుకోండి. కొత్త రైఫిల్ వచ్చిన సంబరంలో అన్నీ ఒకేసారి తిప్పేసి, ఏది ఎందుకు మారిందో తెలియక తికమకపడేవాళ్లే ఎక్కువ. ట్రిగ్గర్ జోలికి ఇప్పుడే పోకండి. డ్రై ఫైర్ మీట ఉంటే గుండు లేకుండా రోజూ సాధన చేయించండి, అదే చేతికి అలవాటవుతుంది.

ప్రశ్న: టార్గెట్ కార్డుని ఫోన్‌తో ఫొటో తీస్తే స్కోరు చెప్పే యాప్‌లని నమ్మొచ్చా? – ఒంగోలు

జవాబు: గుండ్లు ఎటు పోతున్నాయో చూసుకోవడానికి నమ్మొచ్చు. దశాంశ స్కోరుకి మాత్రం వద్దు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఫోన్ కాస్త వంగినా లెక్క తప్పుతుంది. మామూలు ఏ4 కాగితం మీద ప్రింట్ తీస్తే రంధ్రం అంచులు చిరిగిపోయి యాప్‌కి అసలు అర్థం కాదు. టార్గెట్ కార్డే వాడండి, వెనక నల్ల కాగితం పెట్టి, నీడ పడకుండా నిటారుగా పైనుంచి ఫొటో తీయండి.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలా? చెరువు మీదికి వచ్చే కొంగల్ని దానితో బెదరగొట్టొచ్చా? – కోవూరు

జవాబు: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. పోటీల రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్లే. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా పత్రాలు వెంట ఉంచుకోండి. కొంగల మీద మాత్రం పేల్చకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం, పైగా సీసపు గుండ్లు మీ చెరువులోనే పడతాయి. చెరువు మీద అడ్డంగా తీగలు లాగి మెరిసే రిబ్బన్లు కట్టండి.