బ్రేకాయిల్ ఆయిల్ కాదు, అల్లుడూ

రాయగడ,
మంగళవారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ, మా అప్ప, పొద్దున్న ఫోన్ చేసింది. నువ్వు కొన్న సెకండ్‌హ్యాండ్ కారుకి క్లచ్ పోయిందట. దామంజోడి క్వార్టర్ ముందు పెట్టి నువ్వే విప్పుతానంటున్నావట. బాగయ్యాక తనని ఎక్కించుకుని సుంకి ఘాటీ కొండదారి మీదుగా సాలూరు తీసుకెళ్తానని మాటిచ్చావట. మన ఇంట్లో పానా పట్టేవాడు ఇంకొకడు తయారయ్యాడని ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఘాటీ మాట విన్నాక మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

పెడల్ తొక్కితే అడుక్కి పోయి పైకి రావట్లేదనీ, రివర్స్ వేస్తే గర్రుమంటోందనీ, నాలుగైదు సార్లు గబగబా తొక్కితే అప్పుడు గేరు పడుతోందనీ అప్ప చెప్పింది. పెడల్ తొక్కితే పైపులోని బ్రేకాయిలే ఆ నొక్కుడుని క్లచ్ దాకా తీసుకెళ్తుంది, ఆ పైపునే లైన్ అంటాం. తొక్కగా తొక్కగా గట్టిపడుతోందంటే లైన్లో గాలి చేరినట్టు. చాలాసార్లు ఆయిల్ కారే దారిలోనే గాలి దూరుతుంది. కాబట్టి ఏ పార్టూ కొనకముందు కారే చోటు వెతుకు.

బండి చదునైన చోట పెట్టు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కిందకి దూరకు.

ముందు డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, పెడల్ రాడ్ లోపలికి వెళ్లే చోట వేలు పెట్టి చూడు. తడి తగిలితే మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని నెట్టేది, పోయింది. తర్వాత గేర్‌బాక్స్ పక్కన, ఆ ఆయిల్ నెట్టుడికి క్లచ్‌ని కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కాస్త ఎత్తి చూడు. అక్కడ తడి ఉంటే స్లేవ్ పోయింది. పైపూ హోసూ కూడా చేత్తో తడుముకుంటూ రా. ఎక్కడా తడి లేదు, అయినా తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతోందంటే మాస్టర్ లోపల రబ్బరు వాషర్ అరిగి, ఆయిల్ లోపల్లోపలే వెనక్కి జారిపోతోందన్నమాట.

ఇంకొక పరీక్ష ఉంది. ఎవరినైనా పెడల్ తొక్కమని, నువ్వు స్లేవ్ రాడ్ చూడు. రాడ్ పూర్తిగా కదులుతున్నా గేరు పడకపోతే తప్పు ఆయిల్ వైపు లేదు, లోపల క్లచ్ ప్లేట్ల దగ్గర ఉంది. కొన్ని బండ్లలో స్లేవ్ అసలు బయట కనపడదు, గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. ఆ రెండిట్లో ఏదైనా గేర్‌బాక్స్ దించాలి. అది ఇంటి ముందు చేసే పని కాదు, గ్యారేజీకి ఇచ్చెయ్. అందులో నామోషీ ఏం లేదు.

ఇప్పుడు నువ్వు జాగ్రత్తగా చదవాల్సింది. క్లచ్ పోయాక బానెట్ కింద బ్రేకాయిల్ పోసే డబ్బాలో ఏమైనా పోశావా? నీకు బండి అమ్మినవాడు ఏం పోశాడో నీకు తెలుసా?

1998 వానాకాలం. అప్పుడు నేను అద్దెకి వ్యాన్ తిప్పేవాణ్ని. సాలూరు నుంచి ఒక్కణ్నే వస్తూ సుంకి ఘాటీ సగం ఎక్కేసరికి నీకు లాగే క్లచ్ పెడల్ అడుక్కి పడిపోయింది. జోరున వాన, చీకటి పడుతోంది. బానెట్ ఎత్తితే డబ్బాలో ఆయిల్ తగ్గి ఉంది. నా దగ్గర బ్రేకాయిల్ లేదు, సీటు కింద సగం సీసా ఇంజన్ ఆయిల్ ఉంది. ఆ డబ్బాలో పోసేదాన్ని మనం బ్రేకాయిల్ అనే అంటాం కదా, ఆ మాట నన్ను ముంచింది. ఆయిలే కదా అని పోసేశాను. తొక్కగా తొక్కగా గేరు పడింది. రాత్రికి రాయగడ చేరి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వ్యాన్‌లో క్లచ్‌కీ బ్రేకుకీ డబ్బా ఒకటే. నీ కారులోనూ అంతే కావచ్చు, చూసుకో.

మూడో రోజు అప్పని పార్వతీపురం తీసుకెళ్తున్నాను. నీకు పద్నాలుగు నెలలు, ముందు సీట్లో ఆవిడ ఒళ్లో పడుకుని ఉన్నావు. బండి బరువుగా లాగుతోంది, ఏదో కాలిన వాసన వస్తోంది. వాన తడికేమో అనుకున్నాను. కొమరాడ ఇవతల దిగుడులో బ్రేకు తొక్కితే పెడల్ సరాసరి కిందకి పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, రోడ్డు పక్క మట్టిగట్టుకి కొట్టి ఆపాను. అప్ప తన ఎడమ చెయ్యి నీ తలకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య అడ్డం పెట్టింది. నువ్వు నిద్ర కూడా లేవలేదు. ఆ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేదు, చూశావు కదా.

తర్వాత నేనే ఆ మాస్టర్ సిలిండర్ విప్పాను. లోపలి వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు అలా ఉబ్బుతుంది. ఉబ్బిన వాషర్ ఆయిల్‌ని వెనక్కి పోనివ్వలేదు, బ్రేకులు వదలకుండా రాసుకున్నాయి. ఆ వేడికి లైన్లో ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరి మీద తొక్కితే బ్రేకు పడదు. బ్రేకు ఫెయిలైందని అందరికీ చెప్పాను. ఎందుకు ఫెయిలైందో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి పానా పట్టకముందే గాజుగ్లాసులో నీళ్లు పోసి, డబ్బాలోది రెండు చుక్కలు వేసి కలుపు. బ్రేకాయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. పైన జిడ్డులా తేలితే బండి అంగుళం కూడా కదపకు. క్లచ్‌తో పాటు బ్రేకుల రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడగాలి. నాకు ఫోన్ చెయ్యి.

డబ్బా మూత మీద బ్రేకాయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే కొను, సీలు ఉన్న డబ్బా కొను. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకుంటే అది 155 దాకా పడిపోవచ్చు. ఘాటీ దిగే బండికి బ్రేకు పోవడానికి ఆ తేడా చాలు. ఇంట్లో ఏడాదిగా మూత తీసి ఉంచినది వాడితే నేనే వచ్చి చెవి మెలిపెడతాను. డాట్ 5 అని వేరేది ఉంది, దాన్ని దీంతో కలపకూడదు.

సిలిండర్ విప్పితే లోపల గోరుతో గీసి చూడు. గుంటలు తగిలితే కొత్త రబ్బర్ల కిట్టు వేసి లాభం లేదు, కొత్తది కొను. రబ్బర్లని పెట్రోలుతోనో కిరసనాయిల్‌తోనో కడగొద్దు, కొత్త బ్రేకాయిల్‌తోనే కడుగు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పొయ్యి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఆఖరికి గాలి తియ్యడం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద నిప్పిల్, అంటే స్లేవ్ మీద గాలి తీసే చిన్న మర, వదులు చేసి, బుడగలు రాగానే బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి, ముందే వదిలితే బయటి గాలంతా లోపలికి పీలుస్తుంది. మధ్యమధ్యలో డబ్బా నింపుతూ ఉండాలి.

పార్టులు బిగించేదాకా నువ్వు చేసుకో, నిప్పిల్ మాత్రం ముట్టుకోకు. ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తాను. ఆలోగా ఈ ఉత్తరం అప్పకి చదివి వినిపించు, నా నోటితో చెప్పలేకపోయాను. ఆవిడ ఏమన్నా సరే, పెడల్ దగ్గర నేను కూర్చుంటాను.

మీ మామయ్య