పీఆర్ఐ లైన్ పెట్టబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

విజయనగరంలో నీకు స్విచ్ రూమ్ డ్యూటీ పడిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం రా. వచ్చే వారం ఆసుపత్రికి పీఆర్ఐ లైన్, అంటే ఒకేసారి 30 కాల్స్ మోసే డిజిటల్ లైన్, నువ్వే పెట్టాలంట కదా, ఫోన్లో చెప్తే సగం గాల్లో పోద్ది, అందుకే రాసి పంపుతున్నా, నెమ్మదిగా చదువు.

కూర్చోగానే కమాండ్లు కొట్టేయకు, ముందు తీగ సంగతి చూడు. ఆ పీఆర్ఐ నడిచే మన ఈ1 లింకు అంటే 2.048 ఎంబీపీఎస్, 32 టైమ్‌స్లాట్లు, ఒక్కోటి 64 కేబీపీఎస్. సున్నాది ఫ్రేమింగ్‌కి, అంటే ఫ్రేము ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి, 16వది డీ ఛానల్‌కి, అంటే కాల్ కలిపే తెంచే సిగ్నళ్ళకి పోగా మిగిలిన 30 మాటలకి. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు చెప్పే 24 ఛానళ్ళ టీ1 లెక్కలు ఇక్కడ పెట్టకు.

డీడీఎఫ్, అంటే డిజిటల్ తీగలన్నీ వచ్చి కలిసే ఫ్రేము, దాని దగ్గర ట్రాన్స్‌మిట్, రిసీవ్ తారుమారవ్వడం రోజూ జరిగేదే. ముందు మన పోర్టుకి లూప్ వేసి, అంటే పంపింది మనకే తిరిగొచ్చేలా కలిపి చూడు, తర్వాత ఆసుపత్రి వైపు మోడెమ్ దగ్గర వేయించు, రెండుసార్లూ అలారం పోయిందంటే దారి బావున్నట్టే. లూప్‌లో డీ ఛానల్ లేవదు, కంగారు పడకు, కానీ పనయ్యాక లూప్ తీయించడం మాత్రం మర్చిపోకు. ఎల్ఓఎస్ వస్తే మనకి సిగ్నలే రావట్లేదు, ఏఐఎస్ అంటే సిగ్నల్ మధ్యలో ఎక్కడో పోయి అక్కడి బాక్సు వట్టి ఒకట్లు పంపుతోంది, ఆర్ఏఐ అంటే మనం పంపేది అవతలోళ్ళకి సరిగా అందట్లేదు. ఈ మూడూ తెలిస్తే ఏ వైపు వెతకాలో తెలిసిపోద్ది.

సీఆర్సీ4, అంటే ఎర్రర్లు పట్టే చెక్కు, రెండు వైపులా ఒకేలా ఉండాలి. మనం నెట్‌వర్క్ సైడ్, వాళ్ళ పీబీఎక్స్, అంటే ఆసుపత్రి లోపలి ఎక్స్‌ఛేంజ్, యూజర్ సైడ్, ఇది తప్పితే అలారాలేవీ ఉండవు గానీ డీ ఛానల్ మాత్రం లేవదు.

ఇప్పుడు అసలు సంగతి, క్లాక్, అంటే రెండు వైపులా బిట్లు ఒకే వేగంతో నడిపే టైమింగ్. పీబీఎక్స్ మన దగ్గర్నుంచే క్లాక్ తీసుకోవాలి. దాని సొంత క్లాక్ మీద నడిస్తే స్లిప్పులు పడతాయి, అంటే 125 మైక్రోసెకన్ల ఫ్రేము ఒకటి ఎగిరిపోద్ది లేదా రెండోసారి వస్తది. మాట్లాడేవాళ్ళకి చిన్న టక్ మంటాది అంతే, పట్టించుకోరు, ఫ్యాక్స్ మాత్రం మధ్యలో తెగిపోద్ది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే, ఫ్యాక్స్ రెండో పేజీలో ఆగిపోయేది, వాళ్ళు మిషను మార్చారు, మనోళ్ళు కేబుల్ మార్చారు, ఏటీ కాలేదు. నేను వెళ్ళి స్లిప్ కౌంటర్ ముందు కూర్చుని చూస్తే అది గడియారం లాగా ఒకే లెక్కన పెరుగుతోంది. కేబుల్ తడిసినా జాయింట్ వదులైనా ఎర్రర్లు గుంపులు గుంపులుగా వచ్చి ఆగుతాయి, ఇలా వరసగా రావు రా. పీబీఎక్స్ సెట్టింగ్ చూస్తే ఇంటర్నల్ క్లాక్ అని ఉంది, మార్చగానే కౌంటర్ ఆగిపోయింది. అందుకే లైన్ లేచినాక కనీసం ఒక రాత్రంతా కౌంటర్ వదిలేసి పొద్దున్న చూడు, సున్నా ఉంటేనే ఒప్పుకో.

పచ్చ లైటు వెలిగిందని ఆసుపత్రోళ్ళ దగ్గర సంతకం తీసుకోకు. మిగతావి బ్లాక్ చేసుకుంటూ 30 ఛానళ్ళూ ఒక్కోటీ, ఇన్‌కమింగ్ అవుట్‌గోయింగ్ రెండూ, ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతోందా అని చెయ్. విసుగొస్తాది, అయినా చెయ్యాలి, ఎందుకంటే ఒక్క ఛానల్‌లో ఒకవైపు మాట పోయినా ఆ కాల్ ఏ గర్భిణీ ఇంటి నుంచి వచ్చిందో మనకేటి తెలుసు. 112, 108 కలుస్తున్నాయో లేదో చూడు, ఇది టెస్ట్ అని ముందే చెప్పి పెట్టేయ్. సీఎల్ఐ, అంటే అవతలోళ్ళకి కనపడే కాలర్ నంబరు, వాళ్ళకిచ్చిన నంబర్ల సిరీస్‌లోదే బయటికెళ్ళేలా స్క్రీనింగ్ ఆన్ చెయ్, లేకపోతే పీబీఎక్స్ ఏ నంబరు పంపితే అదే వెళ్ళిపోద్ది.

జంపర్లు, అంటే ఫ్రేము మీద కలిపే చిన్న తీగలు, ఏ పెయిర్ నుంచి ఏ పోర్టుకో రిజిస్టర్‌లో పెన్నుతో రాయి, తేదీ వెయ్యి. 2018 తిత్లీ లాంటి తుఫాను వచ్చి కరెంటు పోతే కంప్యూటర్లో ఉన్నది నీకు కనపడదు, రిజిస్టర్ టార్చ్ లైటులో కూడా చదువుకోవచ్చు.

డీ ఛానల్ లేవకపోతే రాత్రి ఎంతైనా ఫోన్ చెయ్, నేను ఎత్తుతా.

మీ మావయ్య,
ఆమదాలవలస