డైలేటర్ సంగతి తర్వాత, ముందు ఆ ఎర్రబట్ట చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 46. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అని ఐదు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు, తర్వాత లోపలి నుంచి కూడా పెట్టారు. అది అయిపోయి ఏడాది దాటింది. పంపించేటప్పుడు డైలేటర్ (యోని దారి ఇరుకవకుండా లోపలికి పెట్టుకునే నున్నటి కడ్డీలాంటి సాధనం) ఇచ్చి వాడమన్నారు. ఇంట్లో ఎదిగిన పిల్లలున్నారు, సిగ్గేసి బీరువాలో పెట్టేశాను. ఇప్పుడు కలయిక అంటేనే నొప్పి. ఆన్‌లైన్‌లో సిలికాన్‌వి సెట్టుగా దొరుకుతున్నాయి. పెద్ద సైజుతో మొదలుపెడితే త్వరగా సర్దుకుంటుందా? మావారికి ఏమైనా అంటుకుంటుందా? రెండు వారాలుగా అప్పుడప్పుడు ఎర్రబట్ట కనిపిస్తోంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటే తగ్గింది.
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, అన్నీ వివరంగా రాసి, అసలు విషయం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. కరెంటు పెట్టించుకున్న ఏడాదికి ఎర్రబట్ట కనిపిస్తే మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. కారణం చిన్నదే కావచ్చు. రేడియేషన్ తగిలిన చోట యోని పొర పల్చబడి, పొడిబారి, కాస్త రాపిడికే చిట్లుతుంది. కానీ జబ్బు తిరగబెట్టినా మొదట ఇలాగే కనిపించవచ్చు. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి. మీది ఏ కారణమో ఉత్తరం చదివి చెప్పడం కుదరదు. లోపల పరీక్ష చేసి, అనుమానముంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపాలి.

షాపులో ఏ మాత్ర ఇచ్చారో రాయలేదు. ఇలాంటప్పుడు మామూలుగా ఇచ్చేది ట్రానెక్సమిక్ యాసిడ్. అది రక్తాన్ని ఆపుతుందే గానీ, రక్తం ఎందుకు వస్తోందో చెప్పదు. పైగా కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పున్నవాళ్లు దాన్ని సొంతంగా వాడకూడదు. రక్తం ఆగగానే తగ్గిపోయిందనుకుంటారు, మళ్లీ కనిపిస్తే మళ్లీ అదే మాత్ర. ఇలా నెలలు పోగొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను, చాలా బాధేస్తుంది. మొదటి రెండేళ్లు సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి చెకప్‌కు రావాలి. మీ ఉత్తరంలో చెకప్ మాటే లేదు. ఈ వారంలోనే, చికిత్స చేసిన ఆస్పత్రికే వెళ్లండి. పాత ఫైలు, ఆ మాత్రల అట్ట, డైలేటర్ మూడూ తీసుకెళ్లండి.

ఆ పరీక్ష అయ్యేదాకా డైలేటర్ మొదలుపెట్టొద్దు. మామూలుగా చికిత్స అయిన కొన్ని వారాలకే, పుండు మానగానే దీన్ని మొదలుపెట్టిస్తాం. రేడియేషన్ తర్వాత యోని గోడలు ఒకదానికొకటి అతుక్కుని దారి ఇరుకవుతుంది, పొట్టి అవుతుంది. డైలేటర్ ఆ అతుకులు గట్టిపడకుండా చూస్తుంది. దారి మూసుకుపోతే మా వేలు గానీ పరికరం గానీ లోపలికి పోదు, జబ్బు తిరగబెట్టినా కనిపించదు. అందుకే భర్త లేనివాళ్లకు, కలయిక వద్దనుకున్నవాళ్లకు కూడా ఇస్తాం. ఇది వైద్యంలో భాగం, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. స్నానాల గదిలో గడియ పెట్టుకుంటే పిల్లలకు తెలిసేదీ లేదు.

ఏడాది ఆలస్యమైనా చాలామందికి ఉపయోగం ఉంటుంది. ఎంతమేరకన్నది పరీక్షలో తేలుతుంది. పెద్ద సైజుతో మొదలుపెట్టాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. రేడియేషన్ తగిలిన కండ చిరిగితే సులువుగా మానదు. బలవంతం చేస్తే మూత్రాశయానికో, మలద్వారం వైపో రంధ్రం పడే ప్రమాదముంది. సెట్టులో అన్నిటికంటే చిన్నదానితో, నర్సు దగ్గరుండి చూపించాకే మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, వాటర్ బేస్డ్ జెల్ ధారాళంగా రాసి, ఊపిరి వదులుతూ వీపు వైపుగా మెల్లగా పోనివ్వాలి. అడ్డు తగిలితే అక్కడే ఆగాలి. ఐదు నుంచి పది నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు, కనీసం రెండేళ్ల పాటు. మీ డాక్టరు వేరేగా చెబితే అదే పాటించండి. తీసినప్పుడు లేత గులాబీ రంగు అంటితే కంగారు అక్కర్లేదు. ధారగా రక్తం వస్తే ఆపేసి ఆస్పత్రికి రావాలి. వాడాక సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ప్లాస్టిక్‌ది, సిలికాన్‌ది ఏదైనా ఫర్వాలేదు. సిలికాన్‌దానికి సిలికాన్ జెల్ వాడకండి. వాజలైన్ వద్దు. పొడిదనానికి హార్మోన్ క్రీమ్ ఇవ్వవచ్చా లేదా అన్నది బయాప్సీ రిపోర్టు చూసి మీ డాక్టరే చెప్పాలి.

దుర్వాసనతో తెల్లబట్ట, యోని నుంచి మూత్రం గానీ మలం గానీ కారడం, ఒక కాలు వాచడం, నడుము నొప్పి తగ్గకపోవడం వీటిలో ఏది ఉన్నా వారం ఆగకండి, ఇవాళే వెళ్లండి.

మీవారికి క్యాన్సర్ అంటుకోదు. మీ ఒంట్లో రేడియేషన్ కూడా మిగిలి ఉండదు. కలయిక మాత్రం లోపల పరీక్ష పూర్తయ్యి, డాక్టరు సరే అన్నాకే.