పాత కంప్యూటరుకు కొత్త చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటరు బాగానే ఉంది గాని కొత్తగా కొన్నదేదీ దానితో కుదరడం లేదంటూ ఈమధ్య చాలామంది పాఠకులు రాశారు. వాటిలో పదిమందికీ పనికివచ్చే ఐదు ఉత్తరాలను ఎంచుకుని, ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఇరవై ఏళ్లకు పైగా చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరులో పేజ్‌మేకర్ 7తో వందలకొద్దీ శుభలేఖలు, కరపత్రాలు, నాలుగైదు పద్యకావ్యాలు కంపోజు చేశాను. ఇటీవల విండోస్ 11 ఉన్న కంప్యూటరు కొన్నాను. పాత తెలుగు సాఫ్ట్‌వేరు అందులో ఎక్కడం లేదు. పాత ఫైళ్లలోని మేటరును కాపీ చేసి పెడితే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. దారి చెప్పగలరు.
(ఒక డీటీపీ ఆపరేటరు, తెనాలి)

జవాబు: మీకు వచ్చినవి రెండు వేరువేరు ఇబ్బందులు. వాటిని కలిపి చూస్తే ఏదీ తెమలదు.

మొదటిది సాఫ్ట్‌వేరు ఎక్కకపోవడం. ఎక్స్‌పీ కాలంలో మన ఇళ్లలో, దుకాణాలలో ఉన్న కంప్యూటర్లు దాదాపు అన్నీ 32 బిట్ పద్ధతిలో నడిచేవి (ప్రాసెసరు ఒకేసారి ఎంత సమాచారం పట్టగలదో చెప్పే కొలత ఇది). విండోస్ 11 మాత్రం 64 బిట్ రూపంలోనే వచ్చింది. అది 32 బిట్ ప్రోగ్రామును నడుపుతుంది గాని 32 బిట్ డ్రైవరును, అంటే ప్రింటరు వంటి పరికరాలను విండోస్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రామును, ఒప్పుకోదు, 16 బిట్ ప్రోగ్రామును అసలే ముట్టుకోదు. 1990లలో తయారైన కొన్ని ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా, వాటిని ఎక్కించే సెటప్ ఫైలు మాత్రం 16 బిట్‌ది కావడం వల్ల మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. ఇక ప్రింటరు పోర్టుకు తగిలించే డాంగిల్‌తో (అది ఉంటేనే సాఫ్ట్‌వేరు తెరుచుకునే, తాళంచెవిలాంటి చిన్న పరికరం) వచ్చిన సాఫ్ట్‌వేరైతే, ఆ డాంగిల్‌ను గుర్తించే డ్రైవరు పాతదై, దాన్ని తగిలించే పోర్టు కొత్త కంప్యూటరులో లేకపోయి, రెండు వైపులా దారి మూసుకుపోతుంది.

రెండవది అక్షరాల సంగతి, అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆనాటి తెలుగు ఫాంట్లు నిజానికి కంప్యూటరుకు తెలుగు నేర్పలేదు. ఇంగ్లీషు అక్షరాలకూ ఐరోపా భాషల గుర్తులకూ కేటాయించిన గడులలో తలకట్లు, గుడులు, వత్తులు బొమ్మలుగా కూర్చిపెట్టాయి. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనిపిస్తుంది, ఫాంటు తీసివేస్తే కింద దాగిన గుర్తులు బయటపడతాయి. మీరు చూస్తున్నవి అవే. మీ మేటరు చెడిపోలేదు. ప్రపంచ భాషల అక్షరాలకు వేరువేరు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే పద్ధతిలో 1991 నుంచే తెలుగుకు సొంత స్థానాలు ఉన్నా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కనుక మన అచ్చు రంగం చాలాకాలం పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

పాత ఫాంట్ల మేటరును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే వాటిని గుడ్డిగా నమ్మవద్దని ఒక్క మాటతో చూపిస్తాను. శుభలేఖ నెత్తిన ఉండే 'శ్రీరస్తు'నే తీసుకోండి. పాత ఫాంటులో ముందు 'శీ' వేసి దాని పక్కన ర వత్తు, తరువాత 'సు' వేసి దాని కింద త వత్తు పెడతాము, అంటే కంటికి కనిపించే వరుసలో కూర్చుతాము. యూనికోడ్‌లో పలికే వరుస ఉంటుంది: శకారం, పొల్లు, రకారం, ఆ తరువాతే దీర్ఘం. ఈ వరుస మార్పు తెలియని కన్వర్టరు మీకు 'శీ్రరసు్త' అని ఇస్తుంది. శుభలేఖలో ఇది వెంటనే కంటికి తగులుతుంది గాని, మూడు వందల పద్యాల కావ్యంలో ఎక్కడ జారిందో పట్టుకోవాలంటే ప్రూఫు దిద్దేవారు మొదటినుంచీ చదవవలసిందే. కాబట్టి మళ్లీ అచ్చు వేయవలసిన పుస్తకాల మేటరును మాత్రమే మార్చుకోండి. పాత శుభలేఖలను మార్చడం దండగ పని.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. పాత కంప్యూటరు ఇంకా తెరుచుకుంటున్న ఈ రోజుల్లోనే ముఖ్యమైన ప్రతి ఫైలునూ తెరిచి, ఫాంట్లు లోపలే ఇమిడి ఉండేలా పీడీఎఫ్ చేసుకోండి. ఆ పీడీఎఫ్‌ను ఏ కంప్యూటరులోనైనా చూడవచ్చు, అచ్చు వేయవచ్చు, దిద్దడం మాత్రం కుదరదు. మూల ఫైళ్లను, వాటితోపాటు ఫాంట్ల ఫైళ్లను కూడా మరచిపోకుండా వేరుగా దాచండి. పేజ్‌మేకర్ తరువాత వచ్చిన ఇన్‌డిజైన్‌కు మారాలనుకుంటే, సీఎస్6 వెర్షను వరకు వచ్చిన ఇన్‌డిజైన్‌లు పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరిచేవి, ఆ తరువాతి వాటిలో ఆ వసతి లేదు. కొత్త కంప్యూటరులోనే పాత పని సాగాలంటే, ఒక కంప్యూటరులోనే మరో కంప్యూటరును సృష్టించే వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాములో మీ దగ్గరున్న సీడీతో ఎక్స్‌పీని ఎక్కించి, దానిలో పేజ్‌మేకర్‌నూ ఫాంట్లనూ పెట్టుకోవచ్చు. మీ తెలుగు సాఫ్ట్‌వేరు డాంగిల్ యూఎస్‌బీది అయితే ఇది కుదిరే అవకాశం ఉంది. ప్రింటరు పోర్టుది అయితే ఆశ పెట్టుకోవద్దు. అప్పుడు పాత కంప్యూటరును ఇంటర్నెట్ లేకుండా, ఆ ఒక్క పనికే ఉంచుకోవడం మేలు. దాని హార్డ్‌డిస్కు వయసు కూడా ఇరవై ఏళ్లని మరవకండి. కంప్యూటరులో మిగతావన్నీ దొరుకుతాయి, అందులోని మేటరు దొరకదు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. విండోస్ 7 కంప్యూటరు వాడుతున్నాను. కొన్ని నెలలుగా ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షను సురక్షితం కాదని హెచ్చరిక వస్తోంది. రిపేరుకు వచ్చిన కుర్రాడు కంప్యూటరునే మార్చమంటున్నాడు. పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ 2009 అని చూపిస్తుండటం కూడా గమనించాను.
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే అసలు జవాబు. ప్రతి వెబ్‌సైటూ తన గుర్తింపుకు ఒక డిజిటల్ సర్టిఫికెట్టు చూపుతుంది. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని దానిలో రాసి ఉంటుంది. మీ కంప్యూటరు తాను 2009లో ఉన్నాననుకుంటోంది కనుక, ఈ సంవత్సరం ఇచ్చిన సర్టిఫికెట్టు దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి గుండ్రని సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ప్రతిరోజూ మొదటికి వస్తుంది. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. అది సంవత్సరం కాదు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని చెప్పే అంకె. వాచీలు బాగుచేసే దుకాణంలోనూ దొరుకుతుంది. అది మార్చి, తేదీ సరిచేసి, అప్పుడు చూడండి.

అంతటితో అన్నీ తీరతాయని మాత్రం చెప్పను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో మద్దతు ఆపేసింది. క్రోమ్ బ్రౌజరు 109వ వెర్షను దగ్గరే ఆగింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 దానిలో ఎక్కదు. ఫైర్‌ఫాక్స్‌లో 115వ వెర్షనే చివరిది. బ్రౌజరు ఆగిపోయినా వెబ్‌సైట్లు ఆగవు కదా, కొత్త పద్ధతులతో రాసిన పేజీలు ఒక్కొక్కటిగా తెల్లగా, ఖాళీగా తెరుచుకోవడం మొదలవుతుంది. పత్రికలు చదవడానికీ ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ మీ కంప్యూటరు ఇంకా పనికివస్తుంది. పింఛను ఖాతా, బ్యాంకు వ్యవహారాలు మాత్రం దానిలో చూడవద్దు. అందుకు ఫోనే నయం.

ప్రశ్న: మా పాత ఎక్స్‌పీ కంప్యూటరులో 8 జీబీ పెన్‌డ్రైవు పనిచేస్తుంది, కొత్తగా కొన్న 64 జీబీది పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ఫోను తగిలిస్తే ఏమీ కనిపించడం లేదు. పోర్టు పాడైందా?
(ఒక గృహిణి, అనంతపురం)

జవాబు: పోర్టు బాగానే ఉంది, 8 జీబీది పనిచేయడమే అందుకు సాక్ష్యం. 64 జీబీ పెన్‌డ్రైవులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఆ పద్ధతి ఎక్స్‌పీ పుట్టిన తరువాతది. ఎక్స్‌పీకి దాన్ని నేర్పే అప్‌డేటును 2009లో ఇచ్చారు, మీ కంప్యూటరులో అది ఎక్కి ఉండదు. తనకు తెలియనిదాన్ని ఖాళీ డ్రైవు అనుకుని ఫార్మాట్ చేయమని అడుగుతోంది. పొరపాటున కూడా సరే అనకండి, లోపల ఉన్నవి పోతాయి. ఫైళ్లను వేరొక కంప్యూటరులోకి తీసి భద్రపరచి, పెన్‌డ్రైవును ఫ్యాట్32 పద్ధతిలో మార్చించుకుంటే రెండింటిలోనూ తెరుచుకుంటుంది. అప్పుడు 4 జీబీని మించిన ఒక్క ఫైలు, అంటే పెళ్లి వీడియో వంటిది, దానిలో పట్టదని గుర్తుంచుకోండి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే 16 జీబీది ఒకటి కొనుక్కోండి.

ఫోను తగిలించినప్పుడు అది చార్జింగు మాత్రమే చేస్తుంది. ఫోను తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్నది మీరే ఎంచుకోవాలి. ఎంచుకున్నా, నేటి ఫోన్లు పెన్‌డ్రైవులాగా కాకుండా ఎంటీపీ అనే వేరొక పద్ధతిలో మాట్లాడతాయి. ఎక్స్‌పీకి అది అర్థం కావాలంటే విండోస్ మీడియా ప్లేయరు పదో వెర్షనో, ఆపైదో ఉండాలి. ఫోనుకే నేరుగా పెట్టగల ఓటీజీ పెన్‌డ్రైవు తగిలించి ఫోటోలు దించుకోవడం అన్నిటికన్నా సులువు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి 2016లో పంపిన ల్యాప్‌టాప్ ఇది. ఆరవ తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కు కాలం చెల్లిందనీ, 11 దీనిలో ఎక్కదనీ అంటున్నారు. పారేయవలసిందేనా?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: పారేయకండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. విండోస్ 11 ఎక్కకపోవడానికి కారణం మీ ల్యాప్‌టాప్ చేవ తగ్గడం కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలనీ, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదవ తరంది గాని ఆపైది గాని కావాలనీ మైక్రోసాఫ్ట్ గీత గీసింది, మీది రెండు తరాల అవతల ఉండిపోయింది. ఈ గీత కొంత అవసరం కోసం, కొంత అమ్మకాల కోసం గీసిందని నా అనుమానం. దొడ్డిదారిన 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గాని, అలా ఎక్కించినవాటికి అప్‌డేట్ల పూచీ లేదని కంపెనీయే అంటోంది, కాబట్టి నేను వాటిని సూచించను. లోపల పాత హార్డ్‌డిస్కు ఉంటే దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించుకోండి. బ్రౌజరు, వీడియో కాల్, తెలుగు టైపింగు అన్నీ దానిలో నడుస్తాయి. ముందుగా పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసి, వైఫై, కెమెరా, మీ ఇంటి ప్రింటరు పనిచేస్తున్నాయని తేలాకే ఎక్కించండి.

ప్రశ్న: మా రైసు మిల్లులో లారీ కాటాకు విండోస్ 98 కంప్యూటరు తగిలించి ఉంది. ఫాక్స్‌ప్రో అనే డేటాబేసు భాషలో రాయించిన డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) ప్రోగ్రాము, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుతో తూకం చీటీలు తీస్తున్నాము. కంప్యూటరు తరచు ఆగిపోతోంది. కొత్తదానికి కాటాను కలపడానికి యూఎస్‌బీ కేబులు కొంటే డివైస్ మేనేజరులో ఏదో 2012 అని వచ్చి పనిచేయడం లేదు.
(ఒక గుమాస్తా, మిర్యాలగూడ)

జవాబు: మీరు కొన్నది, కాటా తగిలించే పాత సీరియల్ పోర్టును యూఎస్‌బీకి మార్చే కేబులు. దానిలోని చిప్పు 2012 నుంచే తయారీలో లేదనీ, అమ్మినవారిని అడగమనీ ఆ సందేశం చెబుతోంది. ఆ చిప్పుకు నకళ్లు కూడా బజారులో చాలా ఉన్నాయి. దుకాణంలో కొత్త విండోస్‌తో నడిపి చూపించిన కేబులే తీసుకోండి. కొత్తది డెస్క్‌టాప్ అయితే అంతకంటే మంచి మార్గం ఉంది. చాలా మదర్‌బోర్డుల మీద కామ్ అని రాసిన పిన్నుల వరుస ఇప్పటికీ ఉంటుంది, దానికి తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టున్న చిన్న పట్టీ తగిలిస్తే చాలు. ప్రింటరుకు కూడా యూఎస్‌బీ కేబులు కాక, బోర్డులో గుచ్చే, పాత ప్రింటరు పోర్టునిచ్చే ప్యారలల్ కార్డు వేయించండి. మీ డాస్ ప్రోగ్రాము ఎల్‌పీటీ1 అనే పోర్టుకు నేరుగా రాస్తుంది, యూఎస్‌బీ కేబులుతో తగిలించిన ప్రింటరు ఆ పేరుతో కనిపించదు.

ఇక ప్రోగ్రాము సంగతి. 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నడవవు. డాస్‌బాక్స్-ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాము సీరియల్ పోర్టునూ ప్రింటరునూ డాస్‌కు అందించగలదు, తెలిసిన మనిషి ఒక పూట కూర్చుంటే కుదురుతుంది. విండోస్ 10 32 బిట్ రూపంలో డాస్ ప్రోగ్రాములు నడిచే వసతి ఉంది గాని, కొత్త కంప్యూటర్లకు దాని డ్రైవర్లు దొరకడం కష్టం.

వీటన్నిటికంటే ముందు లెక్కలు బయటకు తీయండి. విండోస్ 98కు పెన్‌డ్రైవులు వాటంతట అవి తెలియవు, ఒక్కొక్కదానికి విడిగా డ్రైవరు ఎక్కించాలి. అందుచేత మిల్లుకు సెలవున్న రోజున కంప్యూటరు ఆపి, హార్డ్‌డిస్కును ఊడదీసి, ఐడీఈ అనే పాత హార్డ్‌డిస్కు కనెక్షను నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో కొత్త కంప్యూటరుకు తగిలించి, మొత్తం ఫోల్డరును కాపీ చేసుకోండి. ఫాక్స్‌ప్రో లెక్కలు దాచే డీబీఎఫ్ ఫైళ్లను, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో తెరవవచ్చు. పాత తూకాల వరుస దానిలో తేదీలతో సహా కనిపించిన తరువాతే కేబులు వేటకు వెళ్లండి.