తంగేటి జున్ను

ప్రశ్న: పాటల్లో వినిపించే 'తంగేటి జున్ను' అంటే ఏమిటి? తమిళంలో తంగం అంటే బంగారం కదా, పసుపుపచ్చని పూలు పూస్తుంది కనుక ఆ పొదకు తంగేడు అని పేరు వచ్చిందా?

సమాధానం: ఇక్కడ జున్ను అంటే ఈనిన పశువు పాలతో చేసేది కాదు, తేనెపట్టు. నిఘంటువుల్లో ఈ అర్థం ఉంది, వాడుకలోనే మరుగున పడింది. జుంటితేనె, జుంటీగ అన్నప్పుడు వినిపించే 'జుంటి' ఈ జున్నే. కన్ను కంటి అయినట్టే జున్ను జుంటి అయింది. పెద్ద తేనెటీగలు కొండ చరియలకూ ఎత్తయిన కొమ్మలకూ పట్టు పెడతాయి. చిన్న ఈగ మాత్రం పొదల్లోనే, సన్నని రెమ్మను పట్టుకుని ఒక్కటే పట్టు పెడుతుంది. తంగేడు పొదలో అలా దొరికేదే తంగేటి జున్ను. చెయ్యి చాపితే అందే తీపి కాబట్టి ప్రియురాలికి ముద్దుపేరుగా బాగానే అతికింది.

ఇక 'తంగేటి' రూపం. తాడు (తాడిచెట్టు) నుంచి తాటి ముంజ, గూడు నుంచి గూటి పక్షి వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఇలా విభక్తి చేరే ముందు నామం చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలను వ్యాకరణకర్త చిన్నయసూరి ఔపవిభక్తికాలన్నాడు. ఇక్కడ చివరి 'డు' పోయి ఆ స్థానంలో 'టి' చేరింది. అందుకే 'తంగేడి జున్ను' అని రాస్తే తప్పు. బతుకమ్మ పేర్చేవారు తంగేడు పువ్వు అంటారు, అందులో దోషమేమీ లేదు. బహువచనం తంగేళ్లు. ఏలూరులోని తంగెళ్లమూడి పేరులో ఈ రూపమే ఉన్నట్టు తోస్తుంది.

తంగం ఊహ వినడానికి బాగుంది గానీ నిలవదు. తమిళులు ఈ పొదను ఆవిరై, ఆవారం అంటారు. బంగారాన్ని తంగం అనేవాళ్లే ఆ పేరు పెట్టుకోలేదు, బంగారం అనే మనకు అది ఎలా వస్తుంది? కన్నడంలో ఆవరికెతో పాటు తంగడి అన్న పేరూ ఉంది. మన తంగేడుకు దగ్గరి చుట్టం అదే. సంస్కృతంలో దీన్ని ఆవర్తకి అంటారు. దానికీ తంగేడుకూ ధ్వనిలో పోలికే లేదు, కనుక ఇది దేశ్యపదమే అనుకోవాలి.

ఒక జాగ్రత్త. నేలతంగేడు అన్నది ఈ పొదలో పొట్టి రకం కాదు, అది సునాముఖి, విరేచనాల మందు. నాటువైద్యం చీటీల్లో 'నేల' అన్న రెండక్షరాలు జారిపోతే మందే మారిపోతుంది.