ధర్మయుద్ధం: ధర్మం కోసమా, ధర్మంగానా?

సందేహం: నేను రాస్తున్న జానపద కథలో ప్రత్యర్థి చేతిలోని కత్తి జారిపడితే, అతడు దాన్ని మళ్లీ అందుకునేదాకా నాయకుడు ఆగుతాడు. అక్కడ ‘ధర్మయుద్ధం చేశాడు’ అని రాశాను. ఇద్దరూ పోరాడుతున్నది సింహాసనం కోసమే కనుక ఆ మాట తప్పనీ, ధర్మం కోసం చేసేదే ధర్మయుద్ధమనీ ఒక మిత్రుడు అన్నారు. ‘న్యాయమైన ఆట ఆడాడు’ అని మార్చమన్నారు. ఏది సరి?

సమాధానం: మీరు రాసిందే సరి. దయచేసి మార్చకండి.

ఒక మాటకు అర్థం తేలనప్పుడు దాని వ్యతిరేకపదాన్ని పక్కన పెట్టి చూడాలి. ధర్మయుద్ధానికి ఎదురుగా నిలిచేది కూటయుద్ధం. కూటం అంటే కపటం. కపటంతో యుద్ధం చేస్తారే గాని కపటం కోసం ఎవరూ చేయరు కదా! అలాగే ధర్మయుద్ధమంటే ధర్మాన్ని తప్పకుండా చేసే యుద్ధం. ఎందుకు పోరాడారన్నది వేరే ప్రశ్న. ఈ మాట చెప్పేది ఎలా పోరాడారన్నదే.

ఆ ‘ఎలా’ ఏమిటో మన గ్రంథాలు వివరంగానే చెప్పాయి. భీష్మపర్వంలో యుద్ధానికి ముందే ఇరుపక్షాలూ కట్టుబాట్లు చేసుకుంటాయి: రథికుడు రథికుడితో, కాలిబంటు కాలిబంటుతో తలపడాలి, ఆయుధం పోయినవాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి, వేరొకరితో పోరులో ఉన్నవాణ్ణి కొట్టరాదు. మనుస్మృతి 7వ అధ్యాయం విషం పూసిన బాణాలనూ, కర్రలో దాచిన కత్తి వంటి కూటాయుధాలనూ నిషేధిస్తుంది. మీ కథానాయకుడు కత్తి కోసం ఆగడం అచ్చంగా ఈ కట్టుబాటే.

మీ మిత్రుడి పొరపాటుకూ కారణం ఉంది. జెరూసలేం కోసం ఐరోపా క్రైస్తవులు చేసిన దండయాత్రలను కొందరు ‘ధర్మయుద్ధాలు’ అని తెనిగించారు. వాటిని మతయుద్ధాలు అంటే సరిపోయేది. ఆ అనువాదంతో మాట దృష్టి పద్ధతి మీంచి లక్ష్యం మీదికి జారిపోయింది. నాకు బాధ కలిగించే జారుడు ఇది. లక్ష్యం మంచిదైతే చాలు, ఏ దెబ్బయినా ధర్మమే అనిపించేలా చేస్తుంది.

మహాభారతం అలా అనిపించనివ్వదు. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్నది శాస్త్రం. భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టినప్పుడు శల్యపర్వంలో బలరాముడు మండిపడతాడు. భీముడు లోకంలో ‘జిహ్మయోధి’గా, అంటే వంకరగా పోరాడినవాడిగా పేరు పొందుతాడంటాడు. దుర్యోధనుణ్ణి ‘ఋజుయోధి’ అంటాడు, తిన్నగా పోరాడినవాడని. ఎవరిని? జూదం ఆడించినవాణ్ణి, ద్రౌపదిని సభకు ఈడ్పించినవాణ్ణి! పక్షం అధర్మానిదే అయినా ఆ పోరు తిన్ననిదే అని ఒప్పుకోగల భాష అది. కృష్ణుడు భీముడి ప్రతిజ్ఞను గుర్తుచేసి సమర్థిస్తే, ఆ మాటలను వ్యాసుడు ‘ధర్మచ్ఛలం’ అన్నాడు. ధర్మం పేరిట చెప్పిన సాకు అన్నమాట. బలరాముడు తృప్తిపడకుండానే ద్వారకకు వెళ్లిపోయాడు. ఈ రెండు పదాలూ, ఋజుయోధి, జిహ్మయోధి, తెలుగు కథల్లోకి మళ్లీ రావాలని నా కోరిక.

ఇక ‘న్యాయమైన ఆట’. ఇది ‘ఫెయిర్ ప్లే’ అనే ఇంగ్లిషు మాటకు ముక్కస్య ముక్కః అనువాదం. కత్తియుద్ధాన్ని మనం ఆట అనం. ఆటలోనైనా పిల్లలు ‘న్యాయమైన ఆట ఆడు’ అనుకోరు, ‘తొండి చేయకు’ అంటారు. ఎంత చక్కటి మాట! పోరులో తొండికి మనకున్న పేర్లు దొంగదెబ్బ, చాటుదెబ్బ, వెన్నుపోటు. వెన్ను చూపడం పిరికితనం, వెన్ను పొడవడం నీచం. తెలుగువాడికి రెండు అప్రతిష్ఠలూ వెన్నుతోనే ముడిపడి ఉన్నాయి.

మీ వాక్యానికి ఒక చిన్న సూచన మాత్రం చేస్తాను. ‘యుద్ధం’ అనగానే సేనలు కళ్లముందు మెదులుతాయి. ఇద్దరి మధ్య పోరు కనుక ‘ధర్మంగా పోరాడాడు’ అన్నా బాగుంటుంది. అయితే ‘అతడు కత్తి అందుకునేదాకా ఆగాడు’ అని మీరు ముందే రాసి ఉంటే, ఆ తర్వాత మరో వాక్యం అవసరమా అన్నది ఒకసారి పైకి చదువుకుని చూడండి.