చక్రం హోలాండర్‌ది కాదు, ఆ చక్రానికి వేసిన ప్రశ్నలు ఆయనవి

ప్రశ్న ఇది: “స్టాన్లీ హోలాండర్ అంటే ‘వీల్ ఆఫ్ రిటైలింగ్’ కనిపెట్టినాయనే కదా? అది పక్కన పెడితే మార్కెటింగ్ చరిత్రకు ఆయన ఇచ్చిందేమిటి? పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ఎక్కణ్నుంచి చదవాలి?”

మొదటి వాక్యం దగ్గరే ఆగాలి. ఆ చక్రం, అంటే చవకగా మొదలైన దుకాణం ఖరీదైనదిగా మారి ఇంకో చవక దుకాణానికి చోటిస్తుందన్న సిద్ధాంతం, హోలాండర్‌ది కాదు. హార్వర్డ్‌లో రిటైలింగ్ చెప్పిన మాల్కమ్ మెక్‌నేర్ 1958లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆ మాట చెప్పారు. అది సంకలనంలో ఒక అధ్యాయం కాబట్టి చేతికి అందడం కష్టం. హోలాండర్ వ్యాసం 1960 జూలై ‘జర్నల్ ఆఫ్ మార్కెటింగ్’లో, పైగా ‘ది వీల్ ఆఫ్ రిటైలింగ్’ అనే శీర్షికతోనే వచ్చింది. దాంతో అందరూ దొరికినదాన్నే ఉదహరించారు, వాళ్లను చూసి తర్వాతివాళ్లు. గట్టిగా ఆరు పేజీలుంటుంది. ఉదహరించిన వాళ్లలో సగం మంది ఆ ఆరు పేజీలూ తిప్పి ఉండరని నా గట్టి నమ్మకం. తిప్పి ఉంటే ఆయన ఆ సిద్ధాంతానికి వకీలు కాదని, దాన్ని బోనెక్కించి అడిగినవాడని మొదటి పేజీ దాటేసరికే అర్థమవుతుంది.

మనిషి గురించి రెండు ముక్కలు. పుట్టింది 1919లో, పోయింది 2004లో. 1954లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ముగించిన పీహెచ్‌డీ డిస్కౌంట్ అమ్మకాల మీద. అందరికీ ఒకటే ధర అనే నియమాన్ని అమెరికన్ దుకాణాలు ఎక్కడెక్కడ తప్పాయో అందులో విషయం. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో గడిచింది. ఆ థీసిస్ అంశంలోనే ఆయన స్వభావం కనిపిస్తుంది: నియమం ఏమిటన్నదాని కన్నా అది ఎక్కడ చెల్లలేదన్నదే ఆయనకు ఇష్టమైన వెతుకులాట.

ఇక మెక్‌నేర్ చెప్పింది: కొత్త రకం దుకాణం హంగూ ఆర్భాటం లేకుండా, తక్కువ మార్జిన్‌తో (కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా), తక్కువ ధరతో వస్తుంది. నిలదొక్కుకున్నాక మంచి వీధిలోకి మారుతుంది, అద్దాలు, దీపాలు, అరువు, డెలివరీ పెడుతుంది. ఖర్చు పెరుగుతుంది, మార్జిన్ పెంచక తప్పదు. అప్పుడు కింది నుంచి ఇంకొకడు తక్కువ ధరతో వస్తాడు. 1930లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదలైన కింగ్ కలెన్ సూపర్‌మార్కెట్ ఈ మొదటి మెట్టుకు మంచి ఉదాహరణ. యూజీన్ ఫెర్కాఫ్ 1948లో మన్‌హటన్‌లో మేడమీద పెట్టెలూ సంచులూ అమ్ముతూ మొదలుపెట్టిన కోర్వెట్ దుకాణం అయితే చక్రం మొత్తం తిరిగింది. 1960ల్లో అక్కడి ఖరీదైన వీధి ఫిఫ్త్ ఎవెన్యూ దాకా ఎక్కి, 1980లో మూతపడింది. అది హోలాండర్ వ్యాసం తర్వాతి కథ అనుకోండి.

హోలాండర్ అడిగినవి రెండే. ఇది నిజంగా జరిగిందా? జరిగితే దేనివల్ల?

రెండోదానికి అప్పటికి వినిపిస్తున్న వివరణలన్నీ పోగేసి ఆరుగా విడగొట్టారు. స్థాపకుడు పొదుపరి, కొడుకులు కాదు అనేది ఒకటి. ట్రేడ్ పత్రికలు, షాపు సామగ్రి అమ్మేవాళ్లు అక్కర్లేని సోకులు ఎక్కిస్తారనేది ఇంకొకటి. ధర తగ్గించి కొట్టుకోవడం కన్నా సేవలు పెంచి పోటీ పడడం అందరికీ సుఖం కాబట్టి అటే పోతారనేది మూడోది. దుకాణాలు అవసరానికి మించి పెరిగితే తలా కాస్తే అమ్ముడై, ఒక్కో అమ్మకం మీద పడే ఖర్చు పెరుగుతుంది, అది నాలుగోది. జనం ఆదాయం పెరిగితే వాళ్లే మంచి దుకాణం కోరుకుంటారు, ఇది ఐదోది. ఆరోది ‘భ్రమ’: మార్జిన్ పెరిగినట్టు కనిపిస్తుంది గానీ పెరగలేదు.

ఆ ఆరోదాన్ని కాగితం మీద లెక్క వేసి చూడాలి. అంకెలు నేను ఊహించి వేస్తున్నవే. ఒక కిరాణా కొట్టు వంద రూపాయలు అమ్మితే సరుకు ఖరీదు పోను 15 మిగులుతుంది, అంటే 15 శాతం గ్రాస్ మార్జిన్. కొన్నేళ్లకు వంటగిన్నెలు, సౌందర్య సాధనాలు కూడా పెట్టింది. వాటి మీద 35 శాతం. ఇప్పుడు వంద రూపాయల అమ్మకంలో 70 కిరాణా, 30 కొత్త సరుకు. 70 మీద 10.50, 30 మీద 10.50, మొత్తం 21 శాతం. పదిహేను ఇరవై ఒకటి అయింది, చక్రం తిరిగిందని రాసేస్తారు. కానీ కిరాణా మీద ఒక్క పైసా మార్జిన్ పెరగలేదు. ఇంకా చూడండి. గిన్నెలమ్మే ప్రత్యేక దుకాణం 40 శాతం తీసుకునేదనుకుంటే, అదే వంద రూపాయల కొనుగోలు మీద జనం అంతకుముందు రెండు కొట్లకూ కలిపి ఇచ్చిన మార్జిన్ 10.50, 12 కలిపి 22.50. ఇప్పుడు 21. దుకాణం మార్జిన్ పెరిగింది, కొనేవాళ్ల మీద భారం తగ్గింది. ఈ రెండూ ఒకేసారి జరగొచ్చని చూడనివాళ్లు సంస్థ వార్షిక నివేదిక చివరి పేజీలోని ఒకే ఒక్క సగటు పట్టుకుని నేల విడిచి సాము చేస్తారు.

కాబట్టి ఈ పని చేసేవాళ్లు ముందు డిపార్ట్‌మెంటు వారీ అమ్మకాలు, డిపార్ట్‌మెంటు వారీ మార్జిన్ సంపాదించాలి. మొదటి సంవత్సరపు సరుకుల వాటాను కదపకుండా పెట్టి, తర్వాతి ప్రతి సంవత్సరపు మార్జిన్లను ఆ వాటాలతోనే గుణించి మళ్లీ సగటు తీయాలి. అలా తీసిన సగటు పెరిగితేనే మార్జిన్ నిజంగా పెరిగింది. పెరగకపోతే మారింది సరుకుల కలగలుపే.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మార్కప్‌ను, మార్జిన్‌ను కలిపేయడం మొదటిది. కొన్న ధర మీద 25 శాతం వేసి అమ్మితే, అమ్మిన ధర మీద మిగిలేది 20 శాతమే. పాత దుకాణాల పుస్తకాల్లో ఒక దశాబ్దం ఒక పద్ధతి, ఇంకో దశాబ్దం ఇంకో పద్ధతి ఉంటే, పద్ధతి మారిన చోట గ్రాఫ్‌లో దొంగ మెట్టు కనిపిస్తుంది. రెండోది, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లలో బయటివాళ్లకు అద్దెకిచ్చిన విభాగాలు: చెప్పులు, టోపీలు, నగలు. కొన్నిచోట్ల వాటి పూర్తి అమ్మకం లెక్కలో కలుస్తుంది, కొన్నిచోట్ల వచ్చిన కమిషన్ మాత్రమే. మూడోది అమెరికన్ లెక్కలకు సంబంధించింది. 1947లో హట్జ్‌లర్ బ్రదర్స్ కేసులో టాక్స్ కోర్టు ఒప్పుకున్నాక డిపార్ట్‌మెంట్ స్టోర్లు లైఫో పద్ధతి, అంటే చివర కొన్న సరుకే ముందు అమ్ముడైనట్టు లెక్క, వాడుకునే దారి తెరుచుకుంది. ధరలు పెరిగే కాలంలో ఆ పద్ధతిలో సరుకు ఖరీదు ఎక్కువగా, మార్జిన్ తక్కువగా కనిపిస్తుంది. అంతకుముందు అంకెలతో దాన్ని నేరుగా పోల్చారంటే పనంతా వృథా. ఇవన్నీ దాటాక కూడా ఒక చిక్కుంటుంది: పుస్తకాలు దాచుకున్నది బతికిన దుకాణాలే. పైకెక్కకుండానే పోయినవాటి లెక్కలు చెత్తబుట్టలో పడ్డాయి.

మొదటి ప్రశ్నకు, అంటే నిజంగా జరిగిందా అన్నదానికి, హోలాండర్ అటు సరిపోయినవీ చూపించారు, ఇటు సరిపోనివీ చూపించారు. అమెరికాలో నాణెం వేస్తే సరుకిచ్చే వెండింగ్ మెషిన్లు మొదటినుంచే ఎక్కువ ఖర్చు, ఎక్కువ మార్జిన్, ఎక్కువ సౌకర్యం. నగర శివార్లలో ప్లాన్ ప్రకారం కట్టిన షాపింగ్ సెంటర్లు, వాటిలో డిపార్ట్‌మెంట్ స్టోర్ల శాఖలు పుట్టుకతోనే సోకుగా వచ్చాయి. పేద దేశాల్లోకి వెళ్లిన సూపర్‌మార్కెట్లు చాలావరకు డబ్బున్నవాళ్ల దగ్గరే మొదలయ్యాయి. అందుకే ఆయన తీర్పు జాగ్రత్తగా ఉంటుంది. పరిశ్రమలున్న, పెరుగుతున్న ఆర్థిక వ్యవస్థల్లో తరచుగా కనిపించే ధోరణి ఇది, అన్ని చోట్లా పనిచేసే సూత్రం కాదు. క్లాసు స్లైడ్‌లో మిగిలింది గుండ్రం బొమ్మ, మూడు బాణాలు. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే మార్కులు, వెండింగ్ మెషిన్ రాస్తే ‘సిలబస్‌లో లేదు’.

నిజానికి నాకు చెప్పాలనున్నది ఇంకొకటి. ఆ 1960లోనే, అదే పత్రిక జనవరి సంచికలో, రాబర్ట్ కీత్ అనే ఆయన నాలుగు పేజీల వ్యాసం రాశారు. ఆయన పిల్స్‌బరీ పిండి కంపెనీలో పెద్ద ఉద్యోగి. 1869లో మొదలైన తమ కంపెనీ ముందు ఉత్పత్తి మీద, 1930ల నుంచి అమ్మకం మీద, 1950ల్లో వినియోగదారుడి మీద దృష్టి పెట్టిందని చెప్పుకొచ్చారు. ఒక పిండి మిల్లు తన గురించి తాను చెప్పుకున్న కథ. అది ‘ప్రొడక్షన్ ఎరా, సేల్స్ ఎరా, మార్కెటింగ్ ఎరా’ పేరుతో ప్రపంచం మొత్తానికి చరిత్ర అయి కూర్చుంది. ఆరు నెలల తేడాతో ఒకే పత్రికలో రెండు చిన్న వ్యాసాలు వచ్చాయి: ఒకటి తనిఖీ లేని కథ, ఇంకొకటి తనిఖీయే. పుస్తకాలు మొదటిదాన్ని మక్కీకి మక్కీ ఎత్తుకున్నాయి, రెండోదానిలో తనిఖీ తీసేసి బొమ్మ ఉంచుకున్నాయి.

ఆ ‘ప్రొడక్షన్ ఎరా’ నిలబడదని చూపించడానికి పెద్ద పరిశోధన కూడా అక్కర్లేదు. పిల్స్‌బరీ పుట్టిన 1869లోనే ఫిలడెల్ఫియాలో ఎన్.డబ్ల్యూ. ఎయర్ ప్రకటనల ఏజెన్సీ మొదలైంది. 1872లో మాంట్‌గోమరీ వార్డ్ మొదటి కేటలాగ్ వచ్చింది. సింగర్ అంతకుముందే కుట్టుమిషన్లు వాయిదాల మీద అమ్ముతోంది. సరుకు తయారుచేస్తే చాలు అదే అమ్ముడుపోతుందనుకునే కాలంలో వీళ్లంతా ఏం చేస్తున్నట్టు? రొనాల్డ్ ఫుల్లర్‌టన్ దీన్ని జర్మనీ, బ్రిటన్, అమెరికా ఆధారాలతో గట్టిగా రాసేసరికి 1988 వచ్చింది. మార్కెటింగ్ కాన్సెప్ట్, అంటే వినియోగదారుడికి ఏం కావాలో చూసి వ్యాపారం నడపాలన్న ఆలోచన, అంత కొత్తదేమీ కాదని హోలాండర్ 1986లోనే అన్నారు. 1992లో రిచర్డ్ జెర్మైన్‌తో కలిసి ఒక పుస్తకమే రాశారు: యువతను విడిగా గురిపెట్టడం 1960ల పెప్సీ ప్రకటనలతో పుట్టలేదని, దశాబ్దాల ముందునుంచే ఉందని. కాలాన్ని యుగాలుగా ఎలా విడగొట్టాలి అన్న వ్యాసం ఆయన పోయాక, 2005లో, ముగ్గురు సహరచయితలతో వెలువడింది.

యుగాల పట్టిక వేసే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ యుగం ఎవరిది, ఒక సంస్థదా, పరిశ్రమదా, దేశానిదా? సరిహద్దు సంవత్సరంలో మారింది ఏమిటి? ఆ సంవత్సరానికి ముందే అదే పని చేసిన సంస్థలు మూడు దొరికితే గీత చెరిపేయండి. చివరి యుగం సరిగ్గా రాసేవాడి కాలం దగ్గర, వాడి తెలివి దగ్గర ముగుస్తుంటే అనుమానించండి. కీత్ పట్టికలో జరిగింది అదే.

ఈ రంగానికి కూర్చునే చోటు ఏర్పరిచింది కూడా హోలాండరే. 1983లో రొనాల్డ్ సావిట్‌తో కలిసి మిషిగన్ స్టేట్‌లో మార్కెటింగ్ చరిత్ర మీద మొదటి వర్క్‌షాప్ పెట్టారు. చార్మ్ అనే పేరుతో రెండేళ్లకోసారి జరిగే సదస్సు అదే. అందులో మంచి వ్యాసానికి ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. ఈ రంగానికి సొంత పత్రిక 2009లో గానీ రాలేదు. అంతవరకూ చరిత్ర వ్యాసాన్ని మార్కెటింగ్ పత్రికకు పంపితే ‘అంకెలు లేవు’, చరిత్ర పత్రికకు పంపితే ‘ఇది వ్యాపారం’ అని తిప్పి పంపే రోజులు.

చదివే వరుస: ముందు 1960 జనవరి కీత్, వెంటనే అదే ఏడాది జూలై హోలాండర్. రెండూ ఒక సాయంత్రం పని. తర్వాత ఫుల్లర్‌టన్ 1988. ఆ పైన హోలాండర్ 1966 ‘రిటైల్ అకార్డియన్’ వ్యాసం. దుకాణాలు సరుకుల రకాలు పెంచుతూ, మళ్లీ కుదించుకుంటూ పోతాయన్న ఊహ మీద రాసింది. అక్కడ కూడా ఒకరు కుదించుకుంటున్నప్పుడే ఇంకొకరు పెంచుతుంటారన్న మెలిక ఆయనే పెడతారు. దుకాణాలు దేశాలు దాటడం మీద ఆసక్తి ఉంటే 1970 నాటి ఆయన పుస్తకం ‘మల్టీనేషనల్ రిటైలింగ్’. మూలపత్రాలు కావాలంటే డ్యూక్ యూనివర్సిటీలోని హార్ట్‌మన్ సెంటర్ చూడండి, జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల ఏజెన్సీ కాగితాలు అక్కడున్నాయి. థీసిస్‌లో చక్రం గురించి రాసేటప్పుడు మెక్‌నేర్ 1958, హోలాండర్ 1960 అని విడివిడిగా రాయండి. 1958ది అందకపోతే, హోలాండర్ ద్వారా చదివామని ఆ వాక్యంలోనే చెప్పేయండి.